మొదటి ఓనరు మరిచిపోయిన ఆయిల్

2012, 2013, 2014. వరసగా మూడేళ్లు ‘ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్’ అవార్డును ఒకే ఇంజిన్ ఎగరేసుకుపోయింది. ఫోర్డ్ కంపెనీ వారి ఒక లీటరు ఎకోబూస్ట్ పెట్రోల్ ఇంజిన్ అది. మూడే సిలిండర్లు, 999 సీసీ. బ్లాకును ఎ4 కాగితం మీద నిలబెట్టొచ్చని కంపెనీ గొప్పగా చెప్పుకుంది. 2013 జూన్‌లో మన దేశంలో విడుదలైన ఎకోస్పోర్ట్ కారులో ఆ చిన్న ఇంజిన్ 125 పీఎస్ శక్తి, 170 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చింది. ఇవాళ వేలూరులో పాత కార్లు అమ్మే ఏ కన్సల్టింగ్‌కైనా వెళ్లి అదే ఇంజిన్ బండి కావాలని అడిగి చూడండి. “పెట్రోలే కావాలంటే ఒకటిన్నర లీటరుది చూసుకోండి సార్, దాని జోలికెందుకు” అనే సలహా ఉచితంగా దొరుకుతుంది.

అవార్డు ఇచ్చినవాళ్లు పొరబడ్డారా, లేక మన మెకానిక్కులు ఊరికే బెదిరిపోతున్నారా? రెండూ కాదు. పాతకాలపు ఇంజిన్‌లో తయారీదారు కాస్త దండిగా లోహం పోసి, ఓనరు నిర్లక్ష్యానికి కూడా చోటు వదిలేవాడు. చిన్న టర్బో ఇంజిన్‌లో ఆ చోటు లేదు. సరైన ఆయిల్, సరైన కూలెంట్ వేళకు పోస్తారన్న నమ్మకం మీదే దాని లెక్కంతా నిలబడి ఉంది. మొదటి ఓనరు ఆ నమ్మకాన్ని నిలబెట్టకపోతే బిల్లు రెండో ఓనరు చేతికి వస్తుంది. సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కొనడమంటే నిజానికి ఇంకొకరి అలవాట్లను కొనడం.

ఎకోస్పోర్ట్ పుట్టిల్లు వేలూరుకు మరీ దూరమేం కాదు. చెన్నై శివారులోని మరైమలైనగర్ ప్లాంటులో తయారైంది. 2018 నుంచి అమెరికాలో అమ్మిన ఎకోస్పోర్ట్‌లు కూడా ఇక్కడి నుంచి ఓడెక్కినవే. 2023 డిసెంబరులో అమెరికాలో ఆ కార్లనూ, 2016-18 మోడల్ ఫోకస్ కార్లనూ కలిపి దాదాపు 1,40,000 బండ్లను ఫోర్డ్ వెనక్కి పిలవాల్సి వచ్చింది. వాటిలోని ఒక లీటరు ఇంజిన్‌లో ఆయిల్ పంపును తిప్పే బెల్టు టెన్షనర్ విరిగిపోవచ్చు. అది పోతే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, ఇంజిన్ నడిరోడ్డు మీద ఆగిపోతుంది, బ్రేకుకు అందే పవర్ సాయమూ పోతుంది. అప్పటికే మరైమలైనగర్‌లో తయారీ ఆగిపోయి ఏడాది దాటింది. భారత్‌లో కార్ల తయారీ మానుకుంటున్నట్టు ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ప్రకటించింది. సర్వీసు, విడిభాగాలు మాత్రం అందిస్తామంది.

ఆ చిన్న ఇంజిన్ మీద ఎంత భారం పడుతుందో తెలియాలంటే దాన్ని మనందరికీ తెలిసిన మారుతి 800 పక్కన పెట్టి చూడాలి. అదీ మూడు సిలిండర్లదే. 796 సీసీ, కార్బ్యురేటర్ రోజుల్లో శక్తి సుమారు 37 హార్స్‌పవర్. అంటే లీటరుకు 47 లోపు. ఎకోబూస్ట్ లీటరుకు 125 ఇస్తుంది. లీటరు పెట్రోలులో దాదాపు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. అందులో మహా అయితే మూడోవంతు పనిగా మారుతుంది, ఇంకో మూడోవంతు సైలెన్సర్ గుండా పోతుంది, మిగిలింది ఇంజిన్ గోడలకెక్కి కూలెంట్‌లోకి, ఆయిల్‌లోకి దిగుతుంది. శక్తి రెండున్నర రెట్లయితే గోడలకెక్కే వేడి కూడా దరిదాపుగా అంతే పెరుగుతుంది. సిలిండర్‌లో మంట 2000 డిగ్రీలు దాటుతుంది. పిస్టన్ చేసిన అల్యూమినియమేమో 660 డిగ్రీల లోపే కరుగుతుంది. కరగకుండా కాపాడేవి రెండే: ఒక పక్క పల్చటి ఆయిల్ పొర, ఇంకో పక్క తిరుగుతున్న నీళ్లు. పెట్రోల్ ఇంజిన్ రోగాల్లో నూటికి తొంభై ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పినప్పుడు పుట్టేవే అని నేను ధైర్యంగా చెప్పగలను.

ముందు ఆయిల్ సంగతి. క్రాంక్‌షాఫ్ట్ తిరుగుడును వాల్వులు తెరిచే కామ్‌షాఫ్ట్‌కు అందించడానికి కొన్ని ఇంజిన్లలో చైన్ ఉంటుంది, కొన్నింటిలో రబ్బరు బెల్టు. బెల్టు సాధారణంగా ఇంజిన్ బయట పొడిగా తిరుగుతుంది. ఎకోబూస్ట్‌లో దాన్ని లోపలే ఆయిల్‌లో తడుస్తూ తిరిగేలా పెట్టారు. చైన్ కన్నా చప్పుడు తక్కువ, రాపిడి తక్కువ, ఇంజిన్ పొడవూ తగ్గుతుంది. ఆయిల్‌కు తట్టుకునే ప్రత్యేక రబ్బరుతో చేశారు. పదేళ్లు లేదా 2,40,000 కిలోమీటర్లు వస్తుందని యూరప్‌లో కంపెనీ లెక్క కట్టింది.

ఆ లెక్క స్వచ్ఛమైన, సరైన గ్రేడు ఆయిల్‌కు సంబంధించింది. వాడుకలో ఉన్న ఇంజిన్ ఆయిల్‌లో పెట్రోలు కలుస్తుంది. చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు కంప్యూటర్ కావాలనే పెట్రోలు ఎక్కువ చల్లుతుంది. అందులో కొంత ఆవిరవక సిలిండర్ గోడల మీదుగా జారి, రింగుల సందుల్లోంచి కింద ఆయిల్ చాంబర్‌లో చేరుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కి ఓ అరగంట నడిస్తే ఆ పెట్రోలు ఆవిరై పోతుంది. కూలెంట్ ముల్లు ఐదు నిమిషాల్లో మధ్యకు వచ్చినా, ఆయిల్ వేడెక్కడానికి అంతకన్నా చాలా ఎక్కువ సేపు పడుతుంది. రోజూ ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి ఇంటికి రెండేసి కిలోమీటర్లు తిరిగే బండిలో ఆయిల్‌కు ఆ అవకాశమే రాదు. పెట్రోలు పేరుకుపోతుంది. పెట్రోలులోని ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు రబ్బరును ఉబ్బిస్తాయి, మెత్తబరుస్తాయి. బెల్టు అంచులు పొరలు పొరలుగా ఊడడం మొదలవుతుంది.

ఊడిన రబ్బరు ఎక్కడికి పోతుంది? అలాంటి ఇంజిన్ కింద ఆయిల్ చాంబర్ విప్పితే పంపు నోటికి ఉన్న చిన్న జల్లెడ కనిపిస్తుంది. దాని కన్నాల్లో నల్లటి తురుము ఇరుక్కుని ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే ఇనుప రజనులా గీసుకోదు, సాగుతుంది. అది బెల్టు తురుమే. జల్లెడ సగం మూసుకుంటే పంపుకు ఆయిల్ చాలదు. ముందు దెబ్బ తినేది టర్బో. దాని ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్లకు పైగా తిరుగుతూ కేవలం ఆయిల్ పొర మీద తేలుతుంటుంది. ఆ తర్వాత క్రాంక్ బేరింగులు. ఇదంతా జరుగుతున్నా బయటికి కనిపించేది ఒక్కటే, మలుపులోనో బ్రేకు వేసినప్పుడో క్షణం పాటు వెలిగి ఆరే ఎర్రటి ఆయిల్ లైటు. చాలామంది దాన్ని సెన్సర్ తప్పు అనుకుంటారు. బెల్టే పూర్తిగా తెగితే చెప్పే పనిలేదు, పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగులుతాయి.

ఒక్క ఫోర్డ్‌నే అనడం న్యాయం కాదు. ఫ్రాన్స్‌లో ప్యూజో, సిట్రోయెన్ కార్లలో వచ్చిన 1.2 లీటర్ల ప్యూర్‌టెక్ ఇంజిన్‌దీ ఇదే తడి బెల్టు, ఇదే తంటా. గొడవ ముదిరి వాటి మాతృసంస్థ స్టెలాంటిస్ యూరప్‌లో ఆ ఇంజిన్లకు పదేళ్లు లేదా 1,75,000 కిలోమీటర్ల దాకా వారంటీ పొడిగించింది.

తమిళనాడుకు మొండి పెట్రోల్ ఇంజిన్లు కొత్త కాదు కూడా. మద్రాసు స్టాండర్డ్ మోటార్స్ వాళ్లు 1985లో స్టాండర్డ్ 2000 అనే కారు తెచ్చారు. ఒళ్లంతా బ్రిటన్ రోవర్ ఎస్‌డీ1ది. బానెట్ కింద ఉన్నది మాత్రం 1940ల నాటి స్టాండర్డ్ వాన్‌గార్డ్ ఇంజిన్. ఫెర్గూసన్ ట్రాక్టర్‌ను నడిపిన వంశానిదే అది. రాజుగారి అంగీ తొడిగిన ఆ బండి పెట్రోలు విపరీతంగా తాగింది, ఉరుకులో నీరసించింది, 1988కల్లా తయారీ ఆగిపోయింది. ఆ ఇంజిన్‌ది బద్ధకం. తిట్టుకుంటూనైనా నడపగలిగేవాళ్లు. ఇప్పటి చిన్న టర్బోది పౌరుషం, తేడా వస్తే మాట్లాడకుండా ఆగిపోతుంది.

టర్బోలకు మరో వింత జబ్బు కూడా ఉంది. నిప్పు ఎప్పుడు పుట్టాలో అప్పుడే పుట్టాలన్న సంగతి అగ్గిపెట్టెల పరిశ్రమకు పేరుపడ్డ, వేలూరు దగ్గరి గుడియాత్తంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. సిలిండర్‌లో ప్లగ్గు నిప్పురవ్వ ఇచ్చాకే మంట మొదలవ్వాలి. తక్కువ వేగంలో, పై గేరులో ఉండి యాక్సిలరేటర్ బలంగా తొక్కినప్పుడు టర్బో గాలిని కుక్కేస్తుంది. పిస్టన్ రింగుల పైన సందులో దాగిన ఆయిల్ బొట్టు ఒకటి ఎగిరి, ప్లగ్గు కన్నా ముందే తనంతట తాను అంటుకుంటుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పైనుంచి మంట గుద్దుతుంది. రింగుల మధ్య గట్టు విరగడానికి అలాంటి దెబ్బలు నాలుగైదు చాలు. ఆయిల్‌లో శుభ్రత కోసం కలిపే కాల్షియం లవణాలు దీన్ని ఎగదోస్తాయని తేలడంతో ఆయిల్ ప్రమాణాలే మారాయి. 2018లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) వారి ‘ఎస్ఎన్ ప్లస్’, 2020లో ‘ఎస్పీ’ వచ్చింది ఇందుకే. డబ్బా మీద ఆ రెండక్షరాలు చూడకుండా “ఏదో మంచి ఆయిల్ పొయ్యి” అనేవారికి టర్బో కారు తగదు.

ఇక నీళ్లు. వేలూరు ప్రాంతంలో కారు గురించి రాస్తూ నీళ్ల గురించి రెండు ముక్కల్లో తేల్చేయడం కుదరదు.

పాలారు పరీవాహకంలోని ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట, పేర్ణాంబట్టు తోళ్ల పరిశ్రమకు దేశమంతటా పేరు. పచ్చితోలు కుళ్లకుండా ఉప్పు పట్టిస్తారు. తోలును నానబెట్టి కడిగినప్పుడు ఆ ఉప్పంతా నీళ్లలోకి దిగుతుంది. మురికిని శుద్ధి చేసినా, కరిగిన క్లోరైడు అంత తేలిగ్గా వదలదు. దశాబ్దాల తరబడి అది భూమిలోకి ఇంకింది. వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు మన పర్యావరణ చట్టానికే మలుపు. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం ఈ దేశంలో గట్టిగా నిలబడింది ఆ తీర్పుతోనే. ఆ ఉప్పు పంట పొలాలనూ తాగునీటి బావులనూ పాడుచేసిందని అందరికీ తెలుసు. అదే నీళ్లు కారు రేడియేటర్‌లోకి కూడా వెళ్తున్నాయన్నది ఎవరూ పట్టించుకోని సంగతి.

గుడియాత్తంలో ఒక షెడ్డు దగ్గర చూశాను. మెకానిక్ ప్లాస్టిక్ బకెట్‌లో బోరునీళ్లు తెచ్చి పాత కారు రేడియేటర్‌లో పోస్తున్నాడు. ఆ ఊళ్లో తమిళంతో పాటు తెలుగూ ధారాళంగా నడుస్తుంది.

“ఏమన్నా, కూలెంట్ పొయ్యవా?” అన్నాను.

“కూలెంట్ లీటరు మూడొందలన్నా. నీళ్లు ఊరికే వస్తాయి. ఓనరే వద్దన్నాడు.”

“ఎందుకంట?”

“వచ్చే నెల అమ్మేదే కదా, దీనికి ఇంకా ఖర్చెందుకు అన్నాడు.”

షెడ్డు గోడకు ఒక పాత రేడియేటర్ ఆనించి ఉంది. పైన తొట్టి ఊడదీసి ఉంది. సన్నటి గొట్టాల మూతుల్లో సగం గోధుమరంగు గట్టి పొరతో పూడుకుపోయాయి. ఒకచోట అల్యూమినియం మీద సూదిమొన అంత కన్నం, చుట్టూ తెల్లటి పొడి.

ఆ పొరా ఆ కన్నమూ రెండు వేర్వేరు రసాయన చర్యల ఫలితం. బోరునీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే కాల్షియం కార్బొనేట్‌గా మారి అడుగున పేరుకుంటుంది. స్నానానికి నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే తెల్ల పొర అదే. చాలా లవణాలు వేడి నీళ్లలో ఎక్కువ కరుగుతాయి, ఇది తిరగబడి వేడి చోటే గట్టిపడుతుంది. కాబట్టి ఇంజిన్‌లో ఎక్కడ చల్లదనం అత్యవసరమో, అంటే సిలిండర్ హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ, సరిగ్గా అక్కడే పొర దట్టంగా కడుతుంది. ఆ పొర వేడిని ప్రసారం చేసే శక్తి అల్యూమినియంతో పోలిస్తే దాదాపు నూరో వంతు. మిల్లీమీటరు మందం పొర ఉన్నా దాని వెనక లోహం కాలిపోతుంటుంది, నీళ్లకు ఆ వేడి తెలియదు. హెడ్ వంకర పోతుంది, గ్యాస్కెట్ పోతుంది.

కన్నం పని క్లోరైడుది. అల్యూమినియం గాలి తగలగానే తన మీద తానే పల్చటి ఆక్సైడ్ పొర కట్టుకుని తుప్పు నుంచి కాపాడుకుంటుంది. క్లోరైడు అయాన్లు ఆ పొరలో బలహీనమైన చోటు వెతికి ఛేదిస్తాయి. రేకంతా సమంగా అరగదు, ఒకే బిందువు దగ్గర లోతుగా తొలుచుకుపోతుంది. కూలెంట్‌లో రంగు కోసం కలిపేది ముఖ్యం కాదు. ముఖ్యమైనవి ఈ తొలుపును ఆపే మందులు, మరుగు ఉష్ణోగ్రతను పెంచే ఇథిలీన్ గ్లైకాల్. సగం గ్లైకాల్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే మామూలు పీడనంలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత పట్టి ఉంచే పీడనం దాన్ని ఇంకో ఇరవై డిగ్రీల దాకా పైకి తోస్తుంది. మే నెలలో కత్తిరి ఎండలకు వేలూరు 40 డిగ్రీలు దాటినప్పుడు, ఏసీ వేసుకుని కాట్పాడి ట్రాఫిక్‌లో నిలబడ్డ బండిని ఆదుకునేవి ఆ డిగ్రీలే.

ఎండ ఊళ్లలో మెకానిక్కులు చేసే ఇంకో చిట్కా వైద్యం ఉంది. బండి వేడెక్కుతోందని వెళ్తే థర్మోస్టాట్ తీసి పారేస్తారు, ఫ్యాన్‌కు డైరెక్ట్ వైరు లాగేస్తారు. ముల్లు కిందికి దిగుతుంది, ఓనరు సంతోషిస్తాడు. థర్మోస్టాట్ లేని ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు. కంప్యూటర్ అది ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ చల్లుతూనే ఉంటుంది. మైలేజీ పడిపోవడం ఒక ఎత్తు. ఆ పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది, రింగులను అరగదీస్తుంది, తడి బెల్టు ఉంటే దాన్ని తినేస్తుంది. నీళ్ల జబ్బుకు చేసిన నాటు వైద్యం ఆయిల్ జబ్బును తెచ్చిపెడుతుందన్నమాట. కొనేముందు బానెట్ తెరవగానే ఫ్యాన్‌కు విడిగా లాగిన వైరు కనిపిస్తే ఆ బండి చరిత్ర సగం తెలిసిపోయినట్టే.

ఈ సంగతులు తెలిశాక బండి చూడడం పెద్ద విద్యేం కాదు. ముందు రోజే ఫోన్ చేసి “నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు” అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారు. చల్లటి ఇంజిన్‌లోనే కూలెంట్ డబ్బా మూత తీసి చూడాలి. తుప్పు రంగు నీళ్లుంటే బేరం అక్కడే సగానికి దిగాలి. ఆయిల్ పోసే మూత అడుగున లేత గోధుమరంగు జిగట కనిపిస్తే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయేమో అనుమానించాలి. ఆయిల్ స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన కొట్టడం, ఆయిల్ మట్టం గీతకు పైన ఉండడం ఆ బండి దగ్గర ప్రయాణాలకే తిరిగిందని చెప్తాయి. స్టార్ట్ చేసినప్పుడు వెనక ఒకరిని నిలబెట్టండి. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువవుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ కూలెంట్ కాలుతున్న గుర్తు.

మీటర్ మీద కిలోమీటర్లను అతిగా నమ్మకండి, తిప్పేసి ఉంటారన్న భయంతో మాత్రమే కాదు. నిజమైన కిలోమీటర్లు కూడా అబద్ధం చెప్పగలవు. వేలూరు గ్రీన్ సర్కిల్ రద్దీలో గంటకు సగటున 20 కిలోమీటర్ల వేగంతో తిరిగిన బండి 40,000 కిలోమీటర్లకు 2,000 గంటలు నడిచినట్టు. బెంగళూరు హైవే మీద సగటున 60తో పోయిన బండికి అదే దూరం 670 గంటల్లోపే. మీటర్ రెండింటికీ ఒకటే అంకె చూపిస్తుంది.

టెస్ట్ డ్రైవ్‌కు ఈ ప్రాంతం భలే అనువైంది. వేలూరులో బయలుదేరి హైవే మీద పళ్లికొండ దాకా పోయి అక్కడి నుంచి గుడియాత్తం తిరగండి. గుడియాత్తం బజారులో ఏసీ వేసి పది నిమిషాలు నిలపండి. ఓనరుకు అభ్యంతరం లేకపోతే పలమనేరు వైపు ఘాటు ఎక్కించండి. డాష్‌బోర్డు ముల్లును మాత్రం నమ్ముకోవద్దు. జనం కంగారు పడకూడదని చాలా కార్లలో అసలు ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలు అటూ ఇటూ అయినా ముల్లు మధ్యలోనే నిలిచేలా కంపెనీలే అమరుస్తాయి. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌కు తగిలించే బ్లూటూత్ పరికరం కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. అసలు డిగ్రీలు ఫోన్‌లో కనిపిస్తాయి. మిస్సింగ్ ఉంటే పి0300, సిలిండర్‌ను బట్టి పి0301 లాంటి కోడ్లు వస్తాయి. ఏ కోడూ లేదని మురిసిపోకండి. అమ్మేవాడు పొద్దునే చెరిపేసి ఉండొచ్చు. అలా చెరిపితే కారు తనను తాను పరీక్షించుకునే ‘రెడీనెస్ మానిటర్లు’ అసంపూర్తి అని చూపిస్తాయి. అవి మళ్లీ పూర్తికావాలంటే బండి కొన్నాళ్లు నడవాలి. కోడ్ల కన్నా ఎక్కువ నిజం చెప్పేది ఈ ఖాళీయే.

వరద బండ్ల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2015 డిసెంబరు చెన్నై వరదల్లో మునిగిన కార్లెన్నో. పెట్రోలూ గాలీ కలిసిన ఆవిరి నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. నీళ్లు చేరిన సిలిండర్‌తో స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కొంచెమే వంగితే బండి నడుస్తూనే ఉంటుంది, ఆ సిలిండర్‌లో కంప్రెషన్ మాత్రం తగ్గుతుంది. ప్లగ్గులు విప్పి కంప్రెషన్ గేజి పెట్టించండి. అంకె ఎంతన్నది కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. మూడింటిలో ఒకటి మిగతా వాటిలో ముప్పావు కూడా లేకపోతే దండం పెట్టి వచ్చేయండి.

కొన్నాక చేయాల్సింది పెద్దగా లేదు. వచ్చిన వారంలోనే ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ అన్నీ మార్చి మీ లెక్క సున్నా నుంచి మొదలుపెట్టండి. ఎకోబూస్ట్‌కు ఫోర్డ్ చెప్పిన గ్రేడు 5డబ్ల్యూ-20, చిక్కటి ఆయిల్ పోస్తే ఎండకు మంచిదన్న మాట వినకండి. పదివేల కిలోమీటర్లకన్నది ఐదారు వేలకే మార్చండి. టర్బో మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే ఆయిల్ డబ్బా చవక. 2013-14 నాటి బండి అయితే బెల్టుకు కంపెనీ చెప్పిన పదేళ్లూ ఎప్పుడో దాటిపోయాయి. కొనేముందే మార్చినట్టు బిల్లు ఉందా అని అడగండి, లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించుకోండి. టైమింగ్ బెల్టుతో పాటు ఆయిల్ పంపు బెల్టూ మార్చాలి, చాంబర్ విప్పి జల్లెడ కడిగించాలి. 20 శాతం ఇథనాల్ పెట్రోలు గురించి భయాలు ఎక్కువే ఉన్నాయి. లీటరు ఇథనాల్‌లో పెట్రోలుకన్నా మూడోవంతు శక్తి తక్కువ, కనుక మైలేజీ కొంత పడిపోవడం భౌతికశాస్త్రం ప్రకారమే జరుగుతుంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో మాత్రం పెట్రోల్ గొట్టాలు, రబ్బరు సీళ్లు ఏడాదికోసారి చూపించుకోవడం మంచిది.

చిత్తూరు, పలమనేరు వైపు నుంచి వచ్చి వేలూరు రిజిస్ట్రేషన్ టీఎన్ 23 బండి కొనేవాళ్లు కాగితాలు కూడా ఇంజిన్ అంత జాగ్రత్తగా చూడాలి. ఫారం 29, 30 సంతకాలతో పాటు రాష్ట్రం దాటించడానికి ఫారం 28లో ఎన్‌ఓసీ కావాలి, ఫైనాన్స్ ఉన్న బండికి ఫారం 35 కావాలి. ఆంధ్రలో మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, తమిళనాడులో కట్టినదాంట్లో మిగిలింది వెనక్కి అడగొచ్చు. ఈ ఖర్చంతా కలుపుకున్నాక చవక బేరం ఒక్కోసారి చవకగా మిగలదు.

ఇంతకీ ఈ ఇంజిన్ కొనొచ్చా? గుడియాత్తంలో ఉంటూ బజారుకూ బడికీ నాలుగేసి కిలోమీటర్లు తిప్పేవారైతే వద్దు. బెల్టు బిల్లు చేతిలో పెట్టి ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. చైన్ ఉన్న, టర్బో లేని 1.2 లీటర్ల మారుతి కే-సిరీస్ గానీ, హ్యుండాయ్ కప్పా గానీ తీసుకోండి, నిర్లక్ష్యాన్ని కొంతైనా ఓర్చుకుంటాయి. వారానికోసారి చెన్నైకో బెంగళూరుకో హైవే మీద పోయేవారు, పక్కా సర్వీసు ఫైలు చూసి, బెల్టు మార్చిన బిల్లు చూసి తీసుకుంటే ఈ ఒక లీటరు ఇంజిన్ అవార్డులు ఎందుకు గెలిచిందో వాళ్లకు తెలుస్తుంది. ఫైలు లేని బండిని మాత్రం ఎవరూ కొనకండి.